దిగనన్న పిచ్చుక

అన్నయ్యకు,

ఫోన్ చేస్తే సగం వినకుండానే అరుస్తావని రాసి పంపుతున్నాను. పూర్తిగా చదివాకే మా ఇంటికి బయలుదేరు. నీ కూతురికి ప్రమాదం లేదు. వదిన దాని పక్కనే ఉంది.

పొద్దున నా యోగా క్లాసులో మన పిచ్చుక శీర్షాసనం వేసింది. మిగతా పిల్లలంతా దిగిపోయినా అది దిగలేదు. ముఖం కందిపోయి, కాలివేళ్లు వణుకుతున్నాయి. "ఇక చాలు, దిగమ్మా" అన్నాను.

"దిగను అత్తా. పోటీలో గెలవాలంటే ఇంకా ఉండాలన్నాడు నాన్న."

అంతలోనే గొంతు మారిపోయింది. "అత్తా, చెయ్యి తెలియట్లేదు."

కంగారుపడి కాళ్లు లాగితే బరువంతా మెడ మీద పడుతుంది. వెనక నిలబడి, తుంటి దగ్గర పట్టుకుని, దాని బరువు నా చేతుల్లోకి తీసుకున్నాను. "ఊపిరి వదులు తల్లీ. మోకాళ్లు మడుచుకో" అంటూ మెల్లగా దించాను.

మెడలో నరం నలిగిందట. విశ్రాంతి ఇస్తే తగ్గుతుందన్నారు డాక్టరుగారు. వేళ్లు కదులుతున్నాయి గానీ, ఇంకా గ్లాసు పట్టుకోలేకపోతోంది.

పోటీలోంచి దాని పేరు తీయించేశాను. తిట్టాలంటే నన్ను తిట్టు, పడతాను.

ఆసుపత్రిలో అది కంటతడి పెట్టలేదు అన్నయ్యా. నీకు కబురు పంపుతున్నానని చెప్పగానే మాత్రం వెక్కివెక్కి ఏడ్చింది.

రా. వచ్చి ఏమీ అడగకుండా కాసేపు దాని పక్కన కూర్చో.

నీ చెల్లి