కరెంటు పోయినా ఆగని మోటరు

గురజాల, మంగళవారం రాత్రి

ఈరోజు నేను గెలిచాను. ఈ మాట రాసుకుని ఎన్నాళ్లయిందో.

మూడో తరగతికి గుండె పాఠం. చార్టు చూపిస్తే ఆవలించారు. గుండె అంటే పొలంలో మోటరు లాంటిది, నీళ్లకు బదులు రక్తం తోడుతుంది అన్నాను. అంతే, అందరూ నిటారుగా కూర్చున్నారు. అప్పుడు శైలజ లేచింది.

"రాత్రిళ్లు పొలంలో కరెంటు తీసేస్తారు గదా టీచర్, మరి నిద్రపోయినప్పుడు గుండె ఆగిద్దా?"

సగం క్లాసు ఆగిద్దనే తేల్చేసింది.

నేను వాదించలేదు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఒకటో తరగతి చంటిగాడు చాప మీద నిద్రపోతుంటే అందరినీ వాడి దగ్గరికి తీసుకెళ్లాను. ఒక్కొక్కరూ వంగి వాడి ఛాతీకి చెవి ఆనించారు. గోల తప్ప మరోటి తెలియని నా క్లాసులో ఫ్యాను చప్పుడు వినిపించింది. శైలజ తలెత్తి గుసగుసగా చెప్పింది.

"ఆడతానే ఉంది టీచర్."

బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా ఆ మొహం అలా వెలిగేది కాదు.

శీనుగాడు మాత్రం వదల్లేదు. "మోటరు కాలిపోతే వైండింగ్ చేపిస్తాం. గుండె కాలిపోతే ఏంది టీచర్?"

డాక్టర్లు బాగుచేస్తారన్నాను. అన్నిసార్లూనా అని వాడు అడగలేదు. ఇంటికొచ్చినప్పటి నుంచి నన్ను నేనే అడుగుతున్నాను. అన్నయ్యకు స్టెంటు వేసి నెల కూడా కాలేదు...

ఇందాక ఫోన్ చేసి అన్నయ్యకు క్లాసు సంగతంతా చెప్పాను. పడీపడీ నవ్వాడు. పెట్టేసే ముందు నెమ్మదిగా అన్నాడు.

"ఆడతానే ఉందిలే అమ్మాయ్. ఇక పడుకో."