రెండో కొలత

జులై 7, సోమవారం

నాలుగు గంటలు చెయ్యి కదపకూడదు. రాస్తే చిన్న వాక్యం. నాన్నకి వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం, అదే శిక్ష.

మా ఉద్దానంలో ఇంటింటా ఉన్న కిడ్నీల జబ్బు సంగతి కొత్తగా రాయక్కర్లేదు. అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీ మానితే కుదరదు కాబట్టి పలాసలో డయాలసిస్‌కి తోడు నేనే వెళ్తున్నాను. మధ్యాహ్నం షిఫ్టు. ఎడమ చేతికి రెండు సూదులు, కింద మడిచిన దుప్పటి. రెండో గంటకి చెయ్యి తిమ్మిరెక్కుతుంది. తెలీకుండానే తిప్పుతాడు. మెషీన్ మోగుతుంది. సిస్టర్ పరిగెత్తుకొస్తే నాన్న తప్పు చేసినవాడిలా చూస్తాడు.

"పాలిపోయిన ముఖం" అని రాసి కొట్టేశాను. నాన్న ముఖం పాలిపోలేదు. నల్లబడింది, కాల్చిన జీడిపిక్కలా. ఉన్నదే రాయాలి.

జులై 9, బుధవారం

టెక్కలి. మా పాలిటెక్నిక్ వర్క్‌షాప్‌కి నిన్న కొత్త డ్రిల్లింగ్ మెషీన్ వచ్చింది. దాని పెట్టెలో నాలుగంగుళాల మందం ఫోమ్ పలకలు. పారేసేవే. వర్క్‌షాప్ చూసే సూర్యప్రకాష్ సార్‌ని అడిగాను. ఎందుకన్నారు. చెప్పాను. తాళం చేతికిచ్చి ఐదున్నరకి మూసెయ్యమన్నారు.

రంపం పెడితే పీచులు పీచులుగా చిరిగింది. పలకని రెండు ప్లైవుడ్ ముక్కల మధ్య పెట్టి, వైస్‌లో బిగించి, హాక్సా బ్లేడుతో మెల్లిగా కోస్తే అంచు తిన్నగా వచ్చింది. అసలు కష్టం చెయ్యి కూర్చునే గాడిది. ఆకురాయి పళ్ళలో ఫోమ్ ఇరుక్కుంటోంది. చివరికి పీవీసీ పైపుకి శాండ్ పేపర్ చుట్టి ముందుకీ వెనక్కీ లాగాను. పైపు ఎంత లావుంటే గాడి అంత. పొద్దున్నే నాన్న చెయ్యి న్యూస్‌పేపర్ మీద పెట్టించి చుట్టూ పెన్సిల్‌తో గీసి తెచ్చాను. మూడంగుళాల పైపు సరిపోయింది.

ముక్కు నిండా తెల్లటి పొడి. గాడిలో వేలు పెట్టి నిమిరాను. "నున్నన" అనే మాట ఇన్నాళ్ళూ ఊరికే వాడానని తెలిసింది.

జులై 10, గురువారం

రెగ్జిన్ తొడుగు వేశాను. సిస్టర్ స్పిరిట్‌తో తుడిచి, సరే అంది.

నాన్న నిద్రపోయాడు. మెషీన్ ఒక్కసారి కూడా మోగలేదు.

పక్క బెడ్ మన్మథరావు మావ లారీ డ్రైవరు, నాన్నకి బావ వరస. బావ చేతికి సింహాసనం వేయించావు, నా చెయ్యేం పాపం చేసిందే ఇంజినీరమ్మా అన్నాడు. అటు బెడ్ మీద దేముడమ్మ, డొంకూరులో ఎండు చేపలు అమ్మేది, ముందు ఆడోళ్ళకి, తర్వాతే నీకు అంది. నాలుగు చేతుల కొలతలు గీసుకొచ్చాను. ప్రతి కాగితం మీద పేరు రాశాను.

జులై 28, సోమవారం

మొత్తం తొమ్మిది చేశాను. ఒక్కొక్క చేతికి ఒక్కొక్క పైపు. క్లాసులో నిద్రొచ్చింది. హాయిగా ఉంది.

ఆగస్టు 14, గురువారం

దేముడమ్మ చెయ్యి గాడిలో వదులైంది. చెయ్యి తగ్గిందన్నమాట. పాత కాగితం మీదే పెట్టి మళ్ళీ గీశాను. పాత గీతకీ కొత్త గీతకీ మధ్య నా చిటికెన వేలు పట్టింది. ఈసారి సన్న పైపుతో చేస్తానన్నాను. చేపలా ఎండిపోతన్నానే పిల్లా అని నవ్వింది.

ఆగస్టు 18, సోమవారం

దేముడమ్మ బెడ్ ఖాళీ. కొత్త ముక్క నా బ్యాగులోనే ఉంది.

సెప్టెంబరు 8, సోమవారం

మా షిఫ్టులోనే వచ్చే సోంపేట జగన్నాథరావు మాస్టారికి గురువారం రెండో కొలత తీశాను. ఆదివారం పోయారు.

బయట బెంచీ మీద ఒకావిడ పక్కావిడతో మెల్లిగానే అంది. నాకు వినిపించింది.

"ఆ పిల్ల రెండోసారి కొలిసిందంటే ఇంకంతే."

లోపలికి వెళ్తే ఒకరిద్దరు చేతులు దుప్పటి కిందకి లాక్కున్నారు. మన్మథరావు మావ మాత్రం నవ్వాడు. నవ్వుతూనే, నా సెయ్యి బాగానే ఉంది, నీ పెన్సిలు లోపలెట్టు అన్నాడు. ఆయన చెయ్యి గాడిలో గిలకలా ఆడుతోంది.

"యాదృచ్ఛికం" అనే మాట ఈ మధ్యే నేర్చుకున్నాను. బస్సులో దాన్ని పదిసార్లు అనుకున్నాను. కానీ ఇది యాదృచ్ఛికం కూడా కాదు. మనిషి అయిపోతుంటే చెయ్యి సన్నబడుతుంది. సన్నబడితే నేను కొలుస్తాను. అంతే. సూర్యప్రకాష్ సార్ కూడా అదే అన్నారు. ఆ బెంచీ దగ్గర ఈ నాలుగు ముక్కలు చెప్పే ధైర్యం నాకు లేదు.

సెప్టెంబరు 22, సోమవారం

నాన్న చెయ్యి వదులైంది.

మళ్ళీ కొలుస్తానన్నాను. కళ్ళు మూసుకున్నాడు. నిద్ర కాదు, నాకు తెలుసు. కాసేపయ్యాక తువ్వాలు మడిచి గాడిలో కుక్కుకున్నాడు. జీడిచెట్లకి పురుగు పడితే గొయ్యి తీసి పరీక్షగా చూసే మనిషి. ఇలాంటి మాటలు నమ్మడని అనుకున్నాను. అమ్మకి చెప్పాను. బలవంతం చెయ్యకు అంది. అమ్మ కూడా విన్నదన్నమాట.

సెప్టెంబరు 25, గురువారం

తువ్వాలు జారింది, చెయ్యి తిరిగింది, సూది నరంలోంచి పక్కకి పోయింది. సిస్టర్ వెంటనే చూసింది. అయినా చర్మం కింద రక్తం చేరి ముంజెయ్యి వంకాయలా అయింది. సిస్టర్ నన్ను పక్కకి పిలిచింది. సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి నరాలు కలిపిన చోటు ఇదొక్కటే ఉందట. ఇది పాడైతే మెడలో గొట్టం వెయ్యాలి. గొట్టానికి ఇన్‌ఫెక్షన్ వస్తే మీ నాన్న తట్టుకోలేడు అంది. చెయ్యి కదలకుండా చూసుకోమంది.

చూసుకుంటూనే ఉన్నాను. చూడ్డమే చేస్తున్నాను.

సెప్టెంబరు 29, సోమవారం

నాన్న నిజంగా నిద్రపోయాక జేబులోంచి దారం తీశాను. మణికట్టు చుట్టూ తిప్పాను. ముడి వేసే చోట గోరుతో నొక్కి పట్టుకున్నాను. తలెత్తితే నాన్న కళ్ళు తెరిచి ఉన్నాయి.

"నిద్దరోతంటే కొలుత్తావేటమ్మా?"

దారం వదిలేశాను.

అక్టోబరు 2, గురువారం

అంచనాతో ఒకటి కోశాను. బిగుతైంది. నొక్కుకుంటే రక్తం ఆడదని సిస్టర్ వద్దంది.

అక్టోబరు 6, సోమవారం

మన్మథరావు మావ శనివారం పోయాడు.

నాన్నకి పొద్దున్నే కబురొచ్చింది. గంజి ముట్టలేదు. డయాలసిస్‌కి వెళ్ళే ముందు, బావ కాగితం నీ దగ్గరుందా అని అడిగాడు. తెచ్చిచ్చాను. దాని మీద ఒక్క గీతే ఉంది, జులై నాటిది. నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని, కాగితాన్ని వెలుతురుకేసి పట్టుకుని, ఇంకో గీత ఏమైనా ఉందేమోనని వెతికాడు. మడిచి నాకిచ్చాడు. చూశావా నాన్నా అందామనుకున్నాను. ఆ మాట గెలిచినట్టుంటుంది. అనలేదు.

అక్టోబరు 9, గురువారం

మావ బెడ్ మీద కొత్త మనిషి. పేరు అజయ్. ఇరవయ్యారేళ్ళు. సోంపేటలో ఆటో నడుపుతాడు, కొత్తగా పెళ్ళయింది. సూదులు పెట్టించుకోవడం ఇదే మొదటిరోజు. చేతి కింద మడిచిన దుప్పటి. గంటన్నరకల్లా మెషీన్ మోగడం మొదలైంది. నాలుగుసార్లు. ప్రతిసారీ అతను సిస్టర్‌కి సారీ చెప్తున్నాడు. వాళ్ళావిడ అద్దం తలుపు బయట నించుంది.

నాన్న నాలుగు గంటలూ అతని చేతినే చూస్తూ పడుకున్నాడు.

సూదులు తీశాక దూది నొక్కిపట్టుకుని లేచి కూర్చున్నాడు. నా బ్యాగు వైపు చూపించాడు. తన కాగితం తియ్యమన్నాడు. తానే బల్ల మీద పరిచి, దూది ఊడకుండా చెయ్యి మెల్లిగా దాని మీద పెట్టాడు.

"కొలత తియ్యమ్మా. నాకు సరిపోయేటట్టు సెయ్యి. పాతది మాత్రం పారీకు. ఆ కుర్రోడికియ్యి. ఆడి సెయ్యి సూడు, మొన్నటి నా సెయ్యిలాగుంది."

గీశాను. పెన్సిల్ రెండుసార్లు ఆగింది. పాత గీతకీ కొత్త గీతకీ మధ్య రెండు వేళ్ళు పట్టాయి. వార్డంతా చూస్తోంది. కాగితం మడుస్తుంటే, రేపు ఏటో ఆలోచించుకుంటా చేతులు మెషీన్‌లో పెట్టీసుకుంటావు జాగ్రత్త అన్నాడు.

అక్టోబరు 10, శుక్రవారం

రెండంగుళాల పైపు.

అక్టోబరు 13, సోమవారం

నాన్న కొత్త గాడిలో చెయ్యి పెట్టుకున్నాడు. పాతది అజయ్ చేతికి సరిగ్గా పట్టింది. ఎక్కడా అరగదియ్యక్కర్లేకపోయింది.