ఎల్లమ్మ చూసిన ఎర్ర ఇంటూ మార్కు

మాదాపూర్,
మంగళవారం.

మా అక్కయ్యకు,

సుశీల నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం కులాసాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారి దగ్గు ఎలా ఉంది? ఈ ఉత్తరం బావగారి చేత చదివించుకోకు. నువ్వే చదువు. అందుకే అక్షరాలు పెద్దవిగా రాశాను. కారణం చివర చెబుతాను.

వానలు మొదలయ్యాయి. దుమ్ము అణిగింది. ఈయన పొద్దున్నే బాలానగర్ ఫ్యాక్టరీకి వెళితే చీకటి పడ్డాకే రావడం. పలకరిద్దామంటే పక్కన ఇంకా గోడలు లేస్తున్న ఇళ్లే. బోరు నీళ్లకు పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. అయినా నువ్వు దిగులు పెట్టుకోకు. నేను బాగున్నాను. నిజంగానే బాగున్నాను.

నా ఉద్యోగం సంగతి చెప్పాను కదా. ఇక్కడి అద్దాల మేడల్లో ఊడ్చి తుడిచే ఆడవాళ్లను పంపే కాంట్రాక్టరు ఆఫీసు. చదవడం కష్టమైన ఆ మనుషులకు పని జాగ్రత్తలు తేలికగా రాసి ఇవ్వాలి. ఎమ్మే చదివినదాన్ని, ఇదెంత పని అనుకున్నాను.

బాత్‌రూం కడిగే యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిపితే విషపు గాలి వస్తుంది. ‘రెండూ కలపవద్దు’ అని రాశాను. చదవలేనివాళ్ల కోసం రెండూ ఒకే బకెట్లో పోస్తున్న బొమ్మ వేయించి, దాని మీద పెద్ద ఎర్ర ఇంటూ మార్కు కొట్టించాను. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. పనివాళ్లను కూర్చోబెట్టి చూపించి, “అర్థమైందా?” అని అడిగాను. “అయింది మేడం” అన్నారందరూ.

నాలుగో రోజున ఎల్లమ్మ ఆ రెండూ కలిపింది. పాలమూరు నుంచి వచ్చిన మనిషి, నా ఈడుదే. దగ్గుతూ బాత్‌రూం ముందే పడిపోయింది. దవాఖానలో రెండు రోజులు ఉంచారు. “చదువు రాకపోతే బొమ్మ కూడా కనపడదా?” అని సూపర్‌వైజరు ఆమెనే తిట్టాడు. పనిలోంచి తీసేస్తానన్నాడు.

నేను వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. ఎందుకు కలిపావని అడిగితే ఎల్లమ్మ నన్నే ఎగాదిగా చూసింది.

“నువ్వే గద మేడం జెప్పినవ్! ఎర్రగ ఇంటూ కొట్టి మరీ జూపిస్తివి.”

“ఇంటూ కొడితే వద్దని కదా?”

“గట్లెట్లయితది? గా అద్దాల బిల్డింగ్ గట్టేటప్పుడు మూడేండ్లు మట్టి మోసిన. మేస్త్రి గోడ మీద ఇంటూ కొట్టిండంటే గాడ్నే పని జెయ్యాలె. కొట్టని కాడ ముడితే తిట్లే.”

మంచం పక్క నుంచి లేచాను. ఆఫీసుకు వెళ్లి, తప్పు కాగితానిది, కాగితం నాది, తీసేస్తే నన్ను తీసేయండి అన్నాను. రాజీనామా రాసి సంచిలో పెట్టుకునే వెళ్లాను. కాసేపు గొణిగి, ఇద్దరినీ ఉండనిచ్చారు.

ఎల్లమ్మ ఇప్పుడు కులాసా. కొత్త కాగితం తనే దగ్గరుండి గీయించింది. “దగ్గేటి బొమ్మ ఎయ్యి. కొంగు మూతికి అడ్డం వెట్టాలె, కండ్లల్ల నీళ్లు గారాలె. నా మొఖమే గీయించరాదు, జర మంచిగుంటది!” అని ఒకటే నవ్వు. ఇంటూ మార్కు తీసేశాం. నిన్న కొత్తగా చేరిన మనిషికి ఆ కాగితమూ, ఒకటి యాసిడ్, ఒకటి బ్లీచింగ్ అనుకోమని నీళ్లు పోసిన రెండు సీసాలూ ఇచ్చాను. అర్థమైందా అని అడగలేదు. ఊరికే చూస్తూ నిలబడ్డాను. ఆమె ఒక సీసా తీసుకెళ్లి తలుపు బయట పెట్టి వచ్చింది. ఎన్నాళ్లకో గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. ఈ పని నాకు వచ్చా రాదా అన్న అనుమానం మాత్రం పూర్తిగా పోలేదు. పోకపోవడమే మంచిదేమో.

ఇప్పుడు నీ సంగతి. పోయిన ఏడు నేను రావడం లేదని రాస్తే, నువ్వు గారెలకు పప్పు నానబోసి బస్టాండులో కూర్చున్నావు. ఉత్తరం సరిగ్గా వినలేదని విసుక్కున్నాను కూడా. మొన్న ఎల్లమ్మ పక్కన కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది, ఆ వారం బావగారు ఊళ్లో లేరు. ఆ ఉత్తరం నువ్వే చదువుకున్నావు. మూడు పేజీలు, గొలుసు రాతలో. అన్ని మాటల మధ్య ‘రావడం లేదు’ అన్నది ఎక్కడో దాక్కుంది. అది నా తప్పే అక్కయ్యా.

ఈసారి నీకు ఎక్కడ కష్టమైతే అక్కడ కుంకుమ బొట్టు పెట్టి ఈ కాగితాలే తిరిగి పంపు. ఎన్ని బొట్లున్నా నేనేమీ అనుకోను. అర్థమైందని మాత్రం జవాబు రాయించకు.

జవాబుకు బదులు నాకు సున్నిపిండి పంపు. పసుపు వెయ్యకు. ఈయన బనియన్లకు అంటుకుంటోంది.

బావగారికి నా నమస్కారాలు. నన్ను మనసారా దీవించు.

పసుపు లేని సున్నిపిండి కోసం ఎదురుచూసే
నీ చెల్లెలు
సుశీల