కుట్లున్నన్నాళ్ళూ నవ్వు బందు

1 మార్చి 2016, మంగళవారం

మా ఆయన పరంజ్యోతిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాను. బొడ్డు దగ్గర హెర్నియా. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది. నర్సు భార్య పక్కనుండగా భయమేంటి!

పంపించేటప్పుడు ఈజిప్టు డాక్టరు వేలెత్తి మూడు ముక్కలు చెప్పాడు. బరువులొద్దు. దగ్గొద్దు. నవ్వొద్దు. మూడోది చెప్పేటప్పుడు మాత్రం రోగిని వదిలేసి నా వైపు చూశాడు. వార్డులో నన్ను వీడియో జాయ్సీ అంటారన్న సంగతి ఆయన దాకా వెళ్ళినట్టుంది.

అందులో అబద్ధమేమీ లేదు. ఎవరి ఫోన్‌కి మంచి వీడియో వచ్చినా ముందు నాకే పంపుతారు. నేను వాటిలోంచి ఏరి, ఆణిముత్యాలు దాచి, ఇంటికొచ్చాక మా ఆయనకు చూపిస్తాను. ఈ కువైట్‌లో ఆయన షువైఖ్ గ్యారేజీలో కార్లకు రంగులేసి వస్తారు, నేను డ్యూటీ దిగి వస్తాను. మంగఫ్‌లో ఈ ఒక్క గదిలో మంచం మీద చేరి, ఇయర్‌ఫోన్ చెరో చెవిలో పెట్టుకుని చూస్తాం. మాకు సినిమా అదే, షికారూ అదే.

ఇవాళ్టి నుంచి బందు! పన్నెండో తారీకున కుట్లు విప్పుతారు. అప్పటిదాకా ఈ ఇంట్లో నవ్వొచ్చే వీడియో ఒక్కటి కూడా మోగదు. చిత్రకళ, విజ్ఞానం, సంగీతం. అంతే! పదకొండు రోజులు ఎంతలో అవుతాయి?

2 మార్చి, బుధవారం

చిత్రకళతో శుభారంభం. ఒక గడ్డం పెద్దాయన తెల్ల గుడ్డ మీద కొండలూ చెరువూ వేస్తాడు. గంటసేపు ఒక్క మాట మాట్లాడడు. ఇందులో నవ్వడానికేముంది?

ఏమీ లేదు. కోపం తెచ్చుకోవడానికి మాత్రం చాలా ఉందట.

"ప్రైమరేదిరా?" అని మా ఆయన ఫోన్‌ని నిలదీశారు. "ప్రైమర్ కొట్టకుండా రంగేసేస్తన్నాడేంటే ఈడు? ఆర్నెల్లు కూడా ఉండదిది. పెచ్చులూడిపోద్ది."

"అది కారు కాదండీ, కొండ."

"కొండైతే ఎండ తగలదా?"

ఆకాశం రంగు కొండ మీదికి కారేసరికి ఇక ఆగలేకపోయారు. అంచుకి టేపు అంటించాలంటూ మోచేతుల మీద లేవబోయారు. భుజాలు పట్టుకుని పడుకోబెట్టాను. తర్వాత వంటగదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, తనివితీరా నవ్వుకున్నాను. నాకు కుట్లు లేవు కదా.

కుట్లు భద్రం. ప్రతిజ్ఞ భద్రం.

3 మార్చి, గురువారం

విజ్ఞానం. శాతవాహనుల మీద రిటైరైన మాస్టారొకాయన చేసిన పాడ్‌కాస్టు. మా వార్డు క్రిస్టీనా పంపింది. నిద్ర పట్టనివాళ్ళకు మందులాంటిదట.

మాస్టారికి పాపం జలుబు. ప్రతి రాజు పేరుకీ ముందు ఒకసారి గొంతు సవరించుకుంటారు. రెండో రాజు దగ్గరే మా ఆయన భుజాలు కదలడం చూశాను. మూడో రాజుకి మాస్టారి కంటే ముందే మా ఆయన గొంతు సవరించి అందించారు. టక్కున ఆపేశాను. శాతవాహనులు అక్కడికే సరి.

"అమ్మో, లాగేసిందే!" అని పొట్ట పట్టుకున్నారు. కట్టు విప్పి చూశాను. అంతా బాగానే ఉంది. పాడ్‌కాస్టులు కూడా బందు.

5 మార్చి, శనివారం

ఎట్టకేలకు దొరికింది! వేణుగానం. వెనకాల నీళ్ళ చప్పుడు, పిట్టల అరుపులు. మూడు గంటల నిడివి. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. కదల్లేదు, మెదల్లేదు, పెదవి కూడా విచ్చలేదు.

నర్సుగా నాకు మార్కులు వేయమంటే వందకి వంద వేసుకుంటాను.

6 మార్చి, ఆదివారం

మళ్ళీ వేణువే అడిగారు. డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇంకా అదే మోగుతోంది. పొద్దున్న పెట్టి వెళ్ళిన అన్నం అలాగే ఉంది.

"తినలేదేంటండీ?"

"మా కాలవ గట్టున కూచున్నట్టే ఉందే," అన్నారు గోడకేసి తిరిగి.

మార్కులు కొంచెం తగ్గించుకున్నాను.

7 మార్చి, సోమవారం

ఇవాళ డైరీ సరదాగా రాయలేను.

చారన్నం కలిపి నోటి దగ్గర పెడితే చేయి పక్కకి తోశారు. "నేను ఊరెళ్ళిపోతానే. వీసా కేన్సిల్ చేసుకుని ఎల్లిపోతాను. నువ్వుండు, నీ ఉద్యోగం నువ్వు చేసుకో," అన్నారు.

నొప్పి మీద అన్నమాటనుకున్నాను. కాదు. గ్యారేజీలో ఆయన చోట్లో ఇంకొకడిని పెట్టుకున్నారని ఎవరో ఫోన్ చేసి చెప్పారట. "ఆళ్ళకేం, రంగేసేవోడు కావాలి. నేను కాపోతే ఇంకోడు. పగలంతా ఈ గదిలో పడుండి, నువ్వు డ్యూటీ నుంచి వొచ్చి ముద్దలు కలిపి పెడతా ఉంటే తినడానికి నాకు సిగ్గుగా ఉంది జాయ్సీ."

ట్రావెల్స్ అతనితో మాట్లాడేశారు కూడా. పదిహేనో తారీకు, హైదరాబాదు, వన్‌వే.

పెళ్ళయి ఆరేళ్ళు. మొదటి రెండేళ్ళు ఆయన అక్కడ, నేనిక్కడ. ఆయనకు వీసా వచ్చిన రోజు ఎయిర్‌పోర్టులో సిగ్గు లేకుండా ఎగిరాను. మళ్ళీ ఆ ఫోన్ కాపురం నావల్ల కాదు. ఆ మాట ఆయనతో అనలేకపోయాను. కట్టు మార్చి డ్యూటీకి వెళ్ళిపోయాను.

వేణువు బందు. ముందే చేయాల్సింది.

8 మార్చి, మంగళవారం

బాగా ఆలోచించాను. డాక్టరు వద్దన్నది నవ్వుని. జంతుశాస్త్రాన్ని కాదు. పెంగ్విన్ల జీవన విధానం మీద ఒక చిన్న చిత్రం చూపించాను. అవి మంచు మీద నడుస్తూ వరసగా బోర్లా పడతాయి. అది వాటి స్వభావం, నేనేం చేస్తాను?

ఆయన చూశారు. పెంగ్విన్లు పడ్డాయి, లేచాయి, మళ్ళీ పడ్డాయి.

"చలెక్కువనుకుంటా," అన్నారు.

9 మార్చి, బుధవారం

చిరునవ్వు వేరు, నవ్వు వేరు. చిరునవ్వుకి పొట్ట కండరాలతో పని లేదు. ఇది వైద్యపరంగా నిజం. కాబట్టి చిరునవ్వు వీడియోలకు అనుమతి ఇచ్చాను. ఇచ్చిందీ నేనే, పుచ్చుకుందీ నేనే.

తాతగారి కళ్ళజోడు పెట్టుకుని పేపరు తిరగేసి చదివే పసివాడు. ఫలితం: ఏమీ లేదు.

పెళ్ళి ఫోటోకి నిలబడి నిద్రపోయిన పెళ్ళికొడుకు. ఏమీ లేదు.

10 మార్చి, గురువారం

ప్రతిజ్ఞా లేదు, గాడిద గుడ్డూ లేదు. దాచుకున్న ఆణిముత్యాలన్నీ బయటికి తీశాను. టీవీలో వార్తలు చెబుతున్న ఆవిడ తల మీద వాలిన చిలుక! పోయినేడు అది చూసి ఈయనే మంచం మీంచి దొర్లి కింద పడ్డారు.

"బాగుంది," అన్నారు. పొట్ట కదల్లేదు.

క్రిస్టీనాని అడిగాను, వార్డంతా అడిగాను. సిస్టర్లంతా తమ దగ్గరున్నవన్నీ పంపారు. నా ఫోన్ వేడెక్కింది గానీ మనిషి మాత్రం చల్లగా ఉన్నారు. "పడుకోవే, అలిసిపోయావు," అని నాకే చెప్పారు.

నవ్వకుండా చూడాలని మొదలుపెట్టాను. ఇప్పుడు ఒక్కసారి నవ్వితే చాలని కూర్చున్నాను. భయంగా ఉంది.

11 మార్చి, శుక్రవారం

ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మా చర్చిలో ఆరాధన కూడా శుక్రవారమే. ఒక్కదాన్నే వెళ్ళాను. మా ఆయన పిన్ని సుందరమ్మ వచ్చింది. అర్దియాలో ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తుంది. ఆ ఇంటావిడని మామా అంటుంది. మామా దయ తలిస్తేనే శుక్రవారం సెలవు.

ఊరెళ్ళిపోతానంటున్నారని చెప్పి ఏడ్చాను.

"ఊరుకో అమ్మాయ్. నేనొచ్చి నాలుగు తిడదునే గానీ మామా చర్చి తప్ప రెండో గడప తొక్కనియ్యదు. పొద్దున్నే ప్రార్థన చేసి ఫోన్లో పంపుతాను, ఆడికి వినిపించు. ఆయ్, వంట చేసుకుంటానే చేస్తాను, దేవుడికి తెలీదా మన తీరిక?"

ప్రార్థన మంచిదే. మనసుకు ధైర్యం. పైగా కుట్లకి ఏ ప్రమాదమూ లేదు.

12 మార్చి, శనివారం

కుట్లు విప్పే రోజు. ఆసుపత్రికి బయల్దేరబోతుంటే పిన్ని ప్రార్థన వచ్చింది. తలకి చున్నీ కప్పుకున్నాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. ఫోన్ మంచం మధ్యలో పెట్టాను. గుర్తున్నంతవరకు రాస్తున్నాను, మధ్యమధ్యలో మామాకి అరబ్బీలో చెప్పిన జవాబులతో సహా.

"పరలోకమందున్న మా తండ్రీ, నీ బిడ్డ పరంజ్యోతిని నీ పాదాల కాడ పెడతన్నానయ్యా... అయ్‌వా మామా, వస్తన్నా మామా... ఆ కుట్లని నీ చేత్తో ముట్టయ్యా, చీము పట్టకుండా... లా మామా, ఉప్పు మాఫీ మామా, ఇంకా వెయ్యలేదు, కొంచెమే వేస్తాను, షువయ్య, షువయ్య... ఆ బిడ్డ మనసులో దిగులు తీసెయ్యి ప్రభువా. ఏ దురాత్మయితే ఆణ్ణి ఊరికి లాగతందో..."

ఇక్కడ గిన్నె పడిన చప్పుడు.

"పిల్లి! పిల్లి! ఇమ్షీ! ఇమ్షీ! తండ్రీ, చేపనట్టుకుపోతందయ్యా! మామా తినే జుబేదీ చేపయ్యా! దాని నోరు మూయించు ప్రభువా! కాదు, కాదు, తెరిపించు! నోరు తెరిపించు తండ్రీ!"

చెప్పుల చప్పుడు. మామా కేకలు. తలుపు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత రొప్పుకుంటూ పిన్ని గొంతు.

"స్తోత్రం. సగం దొరికింది. ఆ మిగతా సగాన్నీ, పరంజ్యోతినీ నీ చేతుల్లోనే పెడతన్నాను. ఆమెన్. ఖలాస్ మామా, ఖలాస్."

నేను పెదవి కొరుక్కున్నాను. ప్రార్థన కదా, నవ్వితే పాపం. ఓరగా ఆయన వైపు చూశాను. కళ్ళు ఇంకా మూసుకునే ఉన్నారు. మొహం ఎర్రబడింది. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. నా వల్ల కాలేదు, నేనే ముందు ఫక్కుమన్నాను. ఆ తర్వాత కళ్ళు తెరిచి నన్ను చూసి ఆయన!

ఏం నవ్వో! "సగం దొరికింది" అని ఒకసారి, "తెరిపించు తండ్రీ" అని ఒకసారి, పొట్ట పట్టుకుని, "అమ్మా చచ్చిపోతానే" అంటూ, మళ్ళీ నవ్వు. పక్క గదివాళ్ళు గోడ కొట్టారు. నేను నేల మీద కూర్చుండిపోయాను. ఆయన బనీను మీద చిన్న ఎర్రటి మచ్చ కనపడ్డాక గానీ నేను నర్సునన్న సంగతి గుర్తు రాలేదు.

కుట్లు విప్పడానికి వెళ్ళినవాళ్ళం వేయించుకున్నాం. రెండు ఊడాయి.

"ఏం ఎత్తావు?" అన్నాడు డాక్టరు. ఏమీ ఎత్తలేదు. "దగ్గావా?" లేదు. డాక్టరు నా వైపు తిరిగాడు. నిజం చెప్పేశాను. సాక్ష్యం వినిపించమన్నాడు. ఆయనకు తెలుగు రాదు. అయ్‌వా మామా, మాఫీ, షువయ్య, ఇమ్షీ మాత్రమే అర్థమయ్యాయి. అవే చాలాయి. సూది పక్కన పెట్టి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, చేప దొరికిందా అని అడిగాడు. సగం అన్నాను. ఇంకో ఐదు నిమిషాలు కుట్టలేకపోయాడు.

తర్వాత మళ్ళీ అదే వేలు ఎత్తాడు. ఇరవయ్యారో తారీకు దాకా నవ్వొద్దు. తప్పనిసరిగా వస్తే పొట్టకి దిండు అదిమి పట్టుకోమన్నాడు.

టాక్సీలో ఆయన కిటికీలోంచి చూస్తూ, "ట్రావెల్స్ ఆడికి ఫోన్ చెయ్యి. టికెట్టు వద్దని చెప్పు," అన్నారు.

"డాక్టరు ప్రయాణం చెయ్యద్దన్నాడనా?"

"ఆయనెప్పుడన్నాడు?"

"మరి?"

"ఇందాక నువ్వు నాకంటే ముందు నవ్వేశావు. చున్నీ నోట్లో కుక్కుకుని, కళ్ళమ్మట నీళ్ళు కార్చుకుంటా. నీ మొహం అలా చూసి ఎన్ని రోజులయ్యిందే. అది చూడకుండా నేనక్కడికెళ్ళి ఏం చెయ్యనూ?" అన్నారు. తర్వాత డ్రైవరుకి వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించి, "గ్యారేజీ అదొక్కటేనా? షువైఖ్‌లో రంగు పోయిన కార్లకి కరువా?" అన్నారు.

నేను ఏడ్చేశాను. ఏడుపు గురించి డాక్టరు ఏమీ చెప్పలేదు.

13 మార్చి, ఆదివారం

మళ్ళీ మొదటి రోజు!

ఈసారి గట్టిగా. వీడియోలు లేవు, పాడ్‌కాస్టులు లేవు, వేణువు అసలే లేదు, జంతుశాస్త్రం కూడా లేదు. వార్డు గ్రూపుకి రాతపూర్వకంగా తెలియజేశాను. క్రిస్టీనా పందెం కాసింది, నేను మంగళవారం దాకా కూడా ఆగనని. చూద్దాం. పొద్దున్న ఆయన రెండు చపాతీలు అడిగి మరీ తిన్నారు.

టిఫినయ్యాక పిన్ని నుంచి వచ్చింది. కుట్లు ఊడాయని తెలిసి చేసిన ప్రార్థన. నిన్నటికి రెండింతలుంది.

వినకుండా చెరిపేయడం ఎంత తప్పు! ఆవిడ అంత కష్టపడి చేసింది. అదీగాక అందులో నవ్వొస్తుందని ఎందుకనుకోవాలి?

తలెత్తి చూస్తే ఆయన అప్పటికే దిండు పొట్టకి అదిమి పట్టుకుని, గోడకి ఆనుకుని, చాలా భక్తిగా కూర్చుని ఉన్నారు.

ప్రతిజ్ఞ రేపటి నుంచి.