కార్తీక సోమవారం, లండన్ టిక్కెట్టు

రోలుగుంట

నర్సీపట్నం ట్రావెల్స్ జగదీశ్వరరావు గారికి జీడిపప్పు మహిళా సంఘం ప్రెసిడెంటు అప్పయమ్మ నమస్కారాలు.

ఫోన్లో సెప్పిన మాటకి సాక్ష్యం ఉండదని కాయితం మీద రాస్తున్నాను. లండన్లో జీడిపప్పు ప్రదర్శనకి మీరు తీసిన టిక్కెట్టు సూసి గుండె ఆగినంత పనైంది. హైదరాబాదులో పొద్దున్న ఏడుకి ఎక్కితే లండన్లో పన్నెండుకి దింపేస్తారట. మనూరి నుంచి హైదరాబాదుకే ఒక రాత్రి పడతాది కదండీ, లండన్ అయిదు గంటలేటి?

సరే, మంచిదే. ఆ రోజు కార్తీక సోమవారం. నక్షత్రం సూసేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టను. కిందటేడు పూతంతా రాలిపోయింది. ఈ ఏడైనా తోట నిలబడాలని మొక్కుకున్నాను. ఒక్క సోమవారం తప్పినా మొక్కు పోయినట్టే.

ఇట్లు,
అప్పయమ్మ

తా.క.: విమానంలో మజ్జిగిస్తారా? ఊరికే అడిగాను, తాగను.

*

నర్సీపట్నం

అమ్మా అప్పయమ్మ గారూ, నమస్కారం.

అయిదు కాదండి, పదిన్నర గంటలు. దూరం ఏడు వేల ఏడు వందల కిలోమీటర్ల పైచిలుకు. లండన్ గడియారం మనకంటే అయిదున్నర గంటలు వెనక నడుస్తుంది, అందుకే టిక్కెట్టు మీద తక్కువ కనిపిస్తుంది. ఎక్కడికెళ్ళినా నక్షత్రం నక్షత్రమే. నిశ్చింతగా వెళ్ళి రండి.

భవదీయుడు,
జగదీశ్వరరావు

తా.క.: విమానంలో మీ భోజనం రద్దు చేయించాను.

*

లండన్ (ఉత్తరం ఫొటో తీసి పంపుతున్నాను)

జగదీశ్వరరావుకి,

దారంతా సూర్యుడు దిగలేదు. నా వాచీలో సాయంత్రం అయిదున్నరకి దిగితే ఇక్కడ మిట్టమధ్యాహ్నం. ఇంట్లో ఉంటే ఈపాటికి దీపం పెట్టి తినేసేదాన్ని. తీరా సీకటి పడ్డాక ఆకాశమంతా మబ్బు. నక్షత్రమన్నది లేదు. కళ్ళు తిరిగి తూలితే మా సంఘం సెక్రటరీ చిట్టితల్లి పట్టుకుని, "అప్పా, అదిగో" అని సూపించింది. హోటల్ బోర్డు మీద మూడు నక్షత్రాలు. దణ్ణం పెట్టి తినేశాను.

ఇప్పుడు భయంతో నిద్ర పట్టట్లేదు. నా మొక్కు ఉందా, పోయిందా? పంతులు గారిని అడిగి బేగి రాయి.

అప్పయమ్మ

తా.క.: నీ పేరు సివర 'గారు' మర్సిపోలేదు, మానేశాను.

*

నర్సీపట్నం

అమ్మా,

బోర్డు నక్షత్రాలు చెల్లవని పంతులు గారు తేల్చేశారు. అయిదు నక్షత్రాల హోటలైనా చెల్లదట. వచ్చే సోమవారం ఆకాశంలో చూసి తింటే మాత్రం దోషం పోతుందన్నారు. మీ తిరుగు విమానం ఆ రోజే. తూర్పుకి వస్తారు కాబట్టి ఎక్కిన రెండు గంటలకే చీకటి పడుతుంది. మబ్బుల పైన ఉంటారు. రెక్క పక్కన కిటికీ సీటు ఇప్పించాను.

క్షమించండి,
జగదీశ్వరరావు

తా.క.: భోజనం మళ్ళీ పెట్టించాను.

*

రోలుగుంట, పుష్యమాసం

జగదీశ్వరరావు గారికి,

తోట నిండా పూత. ఒక్కటీ రాల్లేదు. పొద్దున్నే సూసి అక్కడే కూలబడి ఏడిసేశాను. ఆ రోజు మీరు సెప్పినట్టే సూర్యుడు బేగి దిగిపోయాడు, నక్షత్రం సూసి కడుపునిండా తిన్నాను. పైయేడు మా సంఘం పదకొండు మందికీ కార్తీక సోమవారం టిక్కెట్లు తియ్యండి. ఏ ఊరికైనా పర్లేదు, తూర్పుకెల్లాలి.

మీ అప్పయమ్మ

తా.క.: అందరికీ రెక్క పక్క సీట్లే ఇప్పించండి. ఆ నక్షత్రం రెక్క సివరే ఉంటాది, ఎర్రగా. హైదరాబాదు దాకా ఒక్క అడుగు ఎనకబడకుండా మాతోటే వచ్చి, మేం దిగాక ఆరిపోయింది.