నీ వల తాడు కోశాను

నేను వీరమ్మని. డెబ్బై దాటాయి. నాగాయలంకలో కొడుకింట్లో ఉంటున్నాను. పోయిన నా మొగుడికి ఇది చెప్పి రాయిస్తున్నాను.

ఏవయ్యా, ఎవర్నీ తాకనివ్వని నీ విసురువల తాడు కోశాను. తిట్టేముందు విను.

మనవరాలు లక్ష్మికి బందరు కాలేజీలో ఫేర్‌వెల్ పార్టీ. నీలం పట్టుగౌనుకి జతగా చేతిసంచీ కావాలంది. మిగిలిన గుడ్డతో నేనే కుట్టాను. మూతికి నీ తాడు ఎక్కించి లాగితే, వలలాగే ముడుచుకుంది! అలవాటుకొద్దీ అడుగున, వల మునగడానికి అంచుకి కట్టే సీసం గుళ్ళు కూడా కుట్టేశాను.

"చేపలు పట్టడానికా మామ్మా?" అని నవ్వింది. అయినా పట్టుకెళ్ళింది.

"ఏ షాపులో కొన్నావే?" అన్నారంట అక్కడందరూ. "షాపు కాదు, మా తాత వల" అందంట, తలెత్తుకుని!

ఇప్పుడు చెప్పు, కోసింది తప్పా?

ఇది నా వేలిముద్ర.
సాక్షులు: రాసిన లక్ష్మి, పక్కనున్న కోడలు సీత.