తలుపు నుంచి ఆరు జానలు

సరళా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈ వారం వంటింటి గోడకు చెమ్మ పట్టింది. లోపల పైపు జాయింటు కారుతోంది. అది ఎక్కడుందో తెలియకపోతే, నువ్వు ఏరి ఏరి తెచ్చిన నీలం టైల్స్ అన్నీ పగలగొట్టాలి.

ఇంటి పనులన్నీ రాసుకున్న నీ నోట్‌బుక్ తీశాను. ‘జాయింటు: తలుపు నుంచి ఆరు జానలు, నేల నుంచి మూడు’ అని ఉంది. బార్కస్ నుంచి వచ్చిన ప్లంబర్ యూసుఫ్ తన చేత్తో కొలిచి ఒక టైల్ తీశాడు. లోపల గోడ పొడిగా ఉంది.

“రాసింది గలత్ సార్. మొత్తం కొట్టాల్సిందే.”

“గలత్ గాదు భాయ్,” అంది మన శ్వేత. “నీ చెయ్యి చాటంతుంది. అమ్మది గింత పెద్దగ ఉండెనా?”

తనే చెయ్యి చాపి కొలిచి, గుర్తు పెట్టింది. యూసుఫ్ అక్కడ ఒక్క టైలే తీశాడు. తడిసిన జాయింటు కనబడింది.

“యా అల్లా! గిది అమ్మ చెయ్యే,” అన్నాడు.

ఇన్నేళ్లూ విలేకరిగా కళ్లతో చూసిందే రాశాను. ఇదీ చూసిందే.

సాయంత్రం శ్వేత నీ రాత కిందే కొత్త జాయింటు సంగతి రాయడానికి కూర్చుంది. కొలవడానికి టేపు ఇవ్వబోయాను.

“టేపెందుకు బాపూ?” అని చెయ్యి చాపి చూపించింది.